చల్లగా ఉన్నంతసేపే బ్రేకు

“మా అల్లుణ్ణి చంపబోతున్నారు,” అన్నాడు చీఫ్, దగ్గుమందు అడిగినంత మామూలుగా. “నాకేం బెంగ లేదు. కానీ ఆ విదేశీ ముఠా కోడ్ విప్పగలిగింది ఆ వెధవ ఒక్కడే. బతకాలి.”

అల్లుడికి గో-కార్ట్ అనే బుల్లి కార్ల రేసుల పిచ్చి. డిపార్ట్‌మెంట్‌లో అందరూ గుండుసూది అని పిలిచే ఏజెంట్, గ్రీజు మరకల డ్రెస్సులో మెకానిక్ వేషం వేసి ట్రాక్ చేరాడు. అక్కడ టీమ్ మేనేజర్‌గా ఉన్నది డిపార్ట్‌మెంట్ మనిషే. నల్లకళ్లద్దాలు, ఎర్రటి పెదాలు. ఒకప్పటి రేసు ఛాంపియన్.

“గాలి ఎటు?”

“ఎటూ లేదు.”

సంకేతం సరిపోయింది. బ్రేకులు తానే దగ్గరుండి సర్వీసు చేయించానని, కొత్త ఆయిల్ తన చేత్తోనే పోశానని ఆమె చెప్పింది.

కార్ట్‌లన్నీ స్టార్టింగ్ లైన్ మీద గుర్రుమంటున్నాయి. గుండుసూది వంగి పెడల్ నొక్కాడు. రాయిలా ఉంది. పైపులు, ప్యాడ్‌లు, డిస్కు, దేనికీ వంక లేదు. ముట్టుకుని పాడుచెయ్యొద్దని అల్లుడు హెల్మెట్‌లోంచే కసిరాడు. గుండుసూది విననట్టే డిస్కును నొక్కిపట్టే కాలిపర్ స్క్రూ వదులుచేసి, కాసిని చుక్కల బ్రేక్ ఆయిల్ చెంచాలోకి పట్టి, కింద లైటర్ వెలిగించాడు. మంచి ఆయిల్ అంత తొందరగా మరగదు. ఇది చిటపటలాడి బుడగలు కక్కింది.

నీళ్లు కలిపారు. చల్లగా ఉన్నంతసేపు పెడల్ గట్టిగానే ఉంటుంది. కొన్ని మలుపులు తిరిగి బ్రేకు కాగితే ఆ నీళ్లు ఆవిరవుతాయి. పెడల్ నేలకంటుతుంది, బండి ఆగదు. పోలీసులు ప్రమాదమని రాసుకుంటారు.

అంత పేరుమోసిన ముఠా, అన్ని కోట్లు తగలేసి, చివరికి చూపించింది పాలల్లో నీళ్లు కలిపేవాడి తెలివి! గుండుసూదికి చీదర పుట్టింది.

జెండా ఊగింది. అదే క్షణంలో అతను ఇంజిన్ ప్లగ్ వైరు పీకేశాడు. మిగతా కార్ట్‌లు దూసుకుపోయాయి. అల్లుడిది గుటుక్కుమని ఆగిపోయింది.

“బ్రేకులు భేషుగ్గా ఉన్నాయన్నారుగా మేడమ్,” అన్నాడు గుండుసూది. “ఒక్క రౌండ్ మీరే వేసి రండి.”

ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లి లిప్‌స్టిక్‌తో బయటికొచ్చింది. మూత తీస్తే లోపల విషపు సూది. గుండుసూది ఆ మణికట్టు ఒడిసిపట్టి వెనక్కి మెలితిప్పాడు.

“ఇందులోనైనా సరుకు అసలుదేనా, ఇక్కడా నీళ్లేనా?”

సెక్యూరిటీ వేషంలో ఉన్న డిపార్ట్‌మెంట్ మనుషులు ఆమెను వ్యాన్ ఎక్కించారు.

అల్లుడు హెల్మెట్ తీసి నేలకేసి కొట్టాడు. జరిగిందంతా చెప్పినా అతనికి ఒక్కటే ఎక్కింది. “నా రేసు పోయింది. మామయ్యతో చెప్పి నీ ఉద్యోగం ఊడగొట్టిస్తా.”

ఆ ముఠా మీద గుండుసూదికి మొదటిసారి కాస్త సానుభూతి కలిగింది.