తెరిచి ఉన్న రెండో గుమ్మం

చంద్రుడి మీద వెన్నెలగడ్డ కాలనీలో పిల్లలు ఎక్కాలకంటే ముందు గుమ్మాలు నేర్చుకుంటారు. ఇరవై రెండు, రహస్య ఆజ్ఞలకు. ఇరవై ఐదు, ఉత్తరాలకు. యాభై మూడు, పేరు చెబితే చిరునామా చెప్పేది. నాలుగు వందల నలభై మూడు, తాళం వేసిన వెబ్. భూమ్మీద వీటిని పోర్టులు అంటారు, కంప్యూటర్‌లోకి కబుర్లు వచ్చిపోయే దారులు. ఒక్కో కంప్యూటర్‌కు అరవై ఐదు వేల పైచిలుకు ఉంటాయి. ఇంటికి అన్ని గుమ్మాలుంటే ఏ ఇల్లాలైనా చీపురు పారేసి సన్యాసం పుచ్చుకునేది.

కాలనీలో గాలి సరఫరా కూడా కంప్యూటర్లదే. ఎవరో మూయడం మరిచిన గుమ్మంలోంచి ఒక ఆకతాయి దూరి తూర్పు వాడలో ఫ్యాన్లు ఆపేశాడు. ఆ వాడవాళ్లంతా అప్పటినుంచి బడి హాల్లో చాపల మీదే పడుకుంటున్నారు. డాక్టర్ మందాకిని కనిపెట్టిన 'ద్వారి' పరీక్ష నెగ్గితేనే వాళ్లు ఇళ్లకు వెళ్లేది.

ద్వారి ప్రతి గుమ్మమూ తడుతుంది. లోపలినుంచి పలికింది అక్కడ ఉండాల్సిన సేవేనా అని పట్టికలో సరిచూస్తుంది. కాకపోతే తలుపేస్తుంది. ఇలాంటి యంత్రం ఇంకెక్కడా లేదు. ఆ సంగతి మందాకిని రోజూ ఎవరో ఒకరికి చెబుతూనే ఉంది.

పరీక్ష రోజు రక్షణ సంఘం అధ్యక్షుడు ఆదిశేషయ్య ఎవరికీ చెప్పకుండా ఒక గుమ్మం తెరిచి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నాడు.

"పట్టికలో లేని గుమ్మాలు రెండు తెరిచి ఉన్నాయి" అంది ద్వారి.

మందాకిని చెయ్యి బల్ల కిందికి పోయింది.

"ఇప్పుడు ఒకటే ఉంది. దాన్ని మూసేశాను" అంది ద్వారి.

"రెండా? నేను తెరిచింది ఒక్కటేనమ్మా!" ఆదిశేషయ్య మొహం చిట్లించాడు. "లేని దొంగను చూసే కాపలా మాకెందుకు? రేపు ఇలాగే భ్రమపడి గాలి గుమ్మం మూసేస్తే? లాభం లేదు." పెన్ను జేబులో పెట్టుకుని లేచాడు.

మందాకినికి బడి హాలు గుర్తొచ్చింది.

"రెండోది ఉందండీ. నేనే తెరిచాను. ఇది పసిగట్టగానే మూసేశాను."

"ఎందుకు తెరిచారు?"

"మా తోడికోడలు ఈ కెమెరాలోంచి పరీక్ష చూస్తుందని."

ఆయన నమ్మలేదు. మళ్లీ తెరిచి చూపించమన్నాడు. తెరవగానే తెర మీద నెల్లూరు నుంచి ఇందుమతి ప్రత్యక్షమైంది.

"ఏందక్కా, మంచి పట్టులో ఆపేస్తివి? వీధి వీధంతా పిలిచి కూర్చోబెట్టుకున్నా!"

"ఇందూ, అది నన్నే పట్టేసిందే!" సిగ్గుతో మొదలైన మాట చివరికొచ్చేసరికి గొప్పగా పలికింది. "తయారు చేసినదాన్నని కూడా చూళ్లేదు!"

ఆదిశేషయ్య పగలబడి నవ్వాడు. "యంత్రం నెగ్గిందమ్మా. తూర్పు వాడవాళ్లను చాపలు చుట్టుకోమనండి." ఆమోదపత్రం ముందుకు లాక్కున్నాడు. జుట్టు సవరించుకున్నాడు. గొంతు తగ్గించి, "ఆ గుమ్మం ఇంకాసేపు ఉండనివ్వండి. మా బావమరిదికి కూడా దారి చెబుతాను. సంతకాలు పెట్టడం తప్ప నాకేం రాదంటాడు. ఎలాంటి సంతకమో చూస్తాడు" అన్నాడు.

గుమ్మాలన్నీ మళ్లీ తట్టుకుంటూ వచ్చిన ద్వారి, ఎవరినీ అడక్కుండా ఆ గుమ్మం మూసేసింది.

అది చూసుకోని ఆదిశేషయ్య, కెమెరా వైపు తిరిగి నవ్వుతూ, నిదానంగా, పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం పెట్టాడు.