పిడికిలికో పేరు

ఆ ఆదివారం పొద్దున చిక్కబళ్ళాపురంలోని సామ్యేలప్ప మేష్ట్రు ఇంట్లో ఎవరి కాలూ ఒకచోట నిలవలేదు. మేష్ట్రు కోటు తొడుక్కున్నాడు, విప్పాడు, మళ్ళీ తొడుక్కున్నాడు. ఆయన భార్య సుగుణమ్మ సంగటికి ఎసరు పెట్టి, ఆ సంగతే మరిచిపోయి కూతురికి జడ వేస్తూ కూర్చుంది. పదేళ్ళ రూతు తల ఒకవైపు వంగిపోతున్నా, నాయన నేర్పిన కన్నడ ప్రార్థనను గడగడా అప్పజెబుతోంది.

ఆ రోజు చర్చిలో ఆరాధన అంతా పిల్లలే నడపాలి. అది కొత్తగా వచ్చిన పాదిరి అయ్యగారి ఆలోచన. గంట కొట్టేది పిల్లలు, పాట ఎత్తుకునేది పిల్లలు, వాక్యం చదివేది పిల్లలు. ముసలివాళ్ళ దగ్గర్నుంచి అందరూ వాళ్ళ వెనకాలే నడవాలి. అందరి కోసం ప్రార్థన చేసే వంతు రూతుది. పైగా బెంగళూరు నుంచి మిషను దొరసాని కూడా వస్తోంది.

"మొదట్నించి చెప్పమ్మీ."

"చెప్తానే ఉండా కదా నాయనా. అమ్మ జుట్టు లాగుతాండాది."

ఇంతలో మేష్ట్రు తల్లి మునిలక్ష్మమ్మ ఉతికిన చీర కట్టుకుని, చిన్న కుండ చంకన పెట్టుకుని వచ్చింది. భర్త పోయాక బాగేపల్లి పక్క పల్లె నుంచి కొడుకు ఇంటికి వచ్చేసిన మనిషి. చర్చిలో నడిచే కన్నడం వింటే సగం అర్థమవుతుంది, నోటికి మాత్రం రాదు. చర్చి ఆడవాళ్ళందరిలాగే ఆమె కూడా రాగులు విసిరే ముందు దేవుడికని ఒక పిడికెడు తీసి కుండలో వేస్తుంది, ఆదివారం చర్చికి తీసుకెళ్తుంది. కానీ పిడికిలి పిడికిలికీ ఒకరి పేరు చెప్పి వెయ్యడం ఆమె ఒక్కతే చేస్తుంది. రోజూ విసుర్రాయి దగ్గర పక్కన కూర్చునే రూతుకు ఆ మాటలన్నీ కంఠతా వచ్చు. మేష్ట్రు ఎప్పుడూ చెవిన వేసుకోలేదు.

"అమ్మా, నువ్వు ఈ పొద్దు రాబోకు," అన్నాడు మేష్ట్రు.

"ఎందుకురా?"

"పోయిన వారం ఏం జేసినావో మరిసిపోతివా? అయ్యగారు ప్రార్థన చేస్తాంటే నడిమద్దెలో నువ్వు తెలుగులో అందుకుంటివి. అందరూ నవ్విరి."

"సామికి తెలుగు రాదా ఏమి? బాగేపల్లిలో వస్తాండె కదా."

సుగుణమ్మ దువ్వెన నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు నవ్వబోకు," మేష్ట్రు గొంతు పెరిగింది. "దొరసాని ముందర నా మానం పోతాది. మేష్ట్రు తల్లికి ఈ మాత్రం తెలీదా అంటారు."

మునిలక్ష్మమ్మ మొహంలో నవ్వు మెల్లగా పోయింది. కుండ తెచ్చి మనవరాలి ఒళ్ళో పెట్టింది. "పోనీలేరా. ఇది నువ్వు తీసకపో అమ్మీ."

"అవ్వ రాకుంటే నేనూ రాను."

"రాకుంటే ఊరుకుంటానా?" మేష్ట్రు చెయ్యెత్తాడు. రూతు కళ్ళు మూసుకుంది కానీ కదల్లేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"కొట్టి తీసకపోయి ప్రార్థన చేపిస్తారా బిడ్డతో?" సుగుణమ్మ నెమ్మదిగా అంది.

లోపల ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఎవరూ చూసుకోలేదు.

"సరే, రా," అన్నాడు మేష్ట్రు, తల్లి వైపు చూడకుండా. "వాకిలి దగ్గర కుచ్చో. నోరు మాత్రం తెరవబోకు."

చర్చిలో గంట కొట్టిన పిల్లవాడు ఎంతకీ ఆపలేదు. పాట ఎత్తుకున్న పిల్ల ఎంత పైకి ఎత్తుకుందంటే పెద్దవాళ్ళ గొంతులు మధ్యలోనే తెగిపోయాయి. దొరసాని నవ్వింది, అందరూ నవ్వారు. మేష్ట్రు ఒక్కడే నవ్వలేదు. ఆయన పెదవులు అప్పటికే కూతురి ప్రార్థనను వల్లిస్తూ కదులుతున్నాయి.

రూతు లేచి నిలబడింది. మొదటి మాట వచ్చింది, రెండోది వచ్చింది, అంతే. నాయన కళ్ళతో అందిస్తున్నాడు, అందడం లేదు. రూతు వాకిలి వైపు చూసింది. అక్కడ అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునుంది.

రూతు గబగబా వెళ్ళి కానుకల బల్ల ముందు మోకరించింది. దాని మీద పెట్టిన అవ్వ కుండలోంచి పిడికెడు రాగులు తీసి కానుకల బుట్టలో వేసింది.

"ఇది రామాంజినప్ప తాత కాలికి. కట్టె లేకుండా నడిపియ్యి సామీ."

తెలుగు. మేష్ట్రు తల దించుకున్నాడు. వెనక నుంచి రామాంజినప్ప చేతికర్ర నేలకు తగిలిన చప్పుడు వినిపించింది.

"ఇది నంజప్ప మామ కొడుక్కు. యుద్ధం నుంచి ఇల్లు జేర్చు."

నంజప్ప భార్య మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇది మా నాయనకు. పొద్దుగూకులూ ఇస్కూల్లో అరుస్తాడు, గొంతు నిలుపు. నన్ను జూస్తే వానికి సిగ్గు. ఆ సిగ్గు మోసి మోసి బిడ్డ అలిసిపోతాండాడు. దించి పక్కన పెట్టు సామీ."

రోజూ అవ్వ నోట విన్న మాటలు ఉన్నవి ఉన్నట్టే చెప్పేసింది రూతు. దొరసాని ఏమిటని అడిగింది. అయ్యగారు కళ్ళు తుడుచుకుంటున్నారు.

కుండలో ఇంకా రాగులున్నాయి. రూతు చుట్టూ చూసింది. "అవ్వ పేరు మీద అవ్వ ఎప్పుడూ వెయ్యలే. ఎవరు వేస్తారు?"

మేష్ట్రు లేచాడు. ముందుకొచ్చి కూతురి ఎదుట నిలబడ్డాడు.

"నేను వెయ్యచ్చా అమ్మీ?"

"మోకాళ్ళ మీద కుచ్చో నాయనా."

కూర్చున్నాడు. పిడికిలి నిండా తీసుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రాగులు జారిపోతున్నాయి.

"ఇది... మా అమ్మకు," అన్నాడు. తెలుగులోనే.

తర్వాత లేచి, అందరి మధ్య నుంచి నడిచి వాకిలి దగ్గరికి వెళ్ళాడు. తల్లి చెయ్యి పట్టుకుని లేపి, ముందు చాప మీదికి తెచ్చి కూర్చోబెట్టి, తానూ పక్కనే కూర్చున్నాడు. మునిలక్ష్మమ్మ కొంగు తీసి కొడుకు చెంపలు తుడిచింది.

"ఇంగ నోరు తెరవచ్చునా నాయనా?" అంది మెల్లగా.

మేష్ట్రు తలూపాడు.

ఆమె గొంతెత్తి ఆమెన్ అంది. చర్చి అంతా ఆమె వెనకాలే అంది.