కాలువ అవతలి ఇళ్లు

మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టబోతుండగా ఇందిర టీచర్ ఐదో తరగతిలోకి వచ్చారు.

"ఎల్లుండి పొద్దున పది గంటలకి తల్లిదండ్రుల మీటింగు. కొత్తగా స్కూలు కమిటీ వేశారు కదా, బడికి ఏం కావాలో అందరూ కలిసి మాట్లాడుకోవాలి. నవ్యశ్రీ, కాలువ అవతలి ఇళ్లకి నువ్వు చెప్పిరా. ఒక్క ఇల్లూ వదలకూడదు."

"అలాగే టీచర్," అంది నవ్యశ్రీ.

ఘంటసాల దగ్గరి ఆ ఊళ్లో అప్పుడు నాట్లు జోరుగా సాగుతున్నాయి. సాయంత్రం నవ్యశ్రీ కాలువ వంతెన దాటగానే కాలు బురదలో దిగబడింది. చెప్పు తెగింది. ముందుకి చూస్తే దారంతా అలాగే ఉంది.

వెనక్కి తిరిగితే వంతెన మీద అవతలి ఇళ్ల నాని గాలం వేసుకుని కూర్చున్నాడు. వాడిది ఒకటో తరగతి.

"నానీ, ఎల్లుండి పదింటికి బళ్లో మీటింగు. మీ వాళ్లందరికీ చెప్పెయ్," అంది.

నాని తల ఊపాడు. చూపు మాత్రం గాలం మీదే ఉంది.

మర్నాడు టీచర్ అడిగితే, "అందరికీ చెప్పాను టీచర్," అనేసింది.

మీటింగుకి కాలువ అవతలి నుంచి ఒక్కరూ రాలేదు. నవ్యశ్రీ తాతయ్య కాంతారావు గారు లేచి నిలబడ్డారు.

"వెనక గేటులోంచి గేదెలొచ్చి పిల్లలు వేసిన మొక్కలన్నీ తినేస్తున్నాయండీ. ఆ గేటుకి తాళం వేసేద్దాం."

కాదనేవాళ్లు లేరు. ఆ సాయంత్రమే తాళం పడింది.

మర్నాడు మొదటి పీరియడ్ సగమయ్యాక, జ్వరంతో మూడు రోజులుగా బడికి రాని నాని అక్క స్వర్ణలత వచ్చింది. గౌను వానకి తడిసి ముద్దయింది.

"వెనక గేటు మూసేశారు టీచర్. రోడ్డు చుట్టూ తిరిగి వచ్చాను. లారీలకి భయపడి మా నాని మధ్యలోనే ఇంటికి వెళ్లిపోయాడు. ఇంక బడికి రాడంట."

"మరి మీటింగులో మీ అమ్మ ఆ మాట చెప్పుంటే బాగుండేది కదమ్మా?"

"ఏ మీటింగు టీచర్?"

టీచర్ నవ్యశ్రీ వైపు చూశారు. నవ్యశ్రీ తల దించుకుంది.

సాయంత్రం నవ్యశ్రీ చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడిచి వెళ్లింది. స్వర్ణలత అమ్మ ధనమ్మ అప్పుడే చేలోంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. ఆమె వెనక నక్కి నాని తొంగి చూస్తున్నాడు.

"అత్తా, మీటింగు గురించి నేనే వచ్చి చెప్పాల్సింది. బురదని చూసి నానీతో చెప్పి వెళ్లిపోయాను. టీచర్‌తో అబద్ధం కూడా చెప్పాను," అంది నవ్యశ్రీ. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ధనమ్మ చెంబు కింద పెట్టింది.

"పోన్లేమ్మా. చెప్పినా మేం రాలేకపోయేవాళ్లం. నాట్ల రోజుల్లో పదింటికి ఇళ్ల దగ్గర ఎవరుంటారు?"

నవ్యశ్రీకి ఆ సంగతి తట్టనే లేదు.

"అయితే మీకు ఎప్పుడు వీలవుతుందత్తా?"

"ఆదివారం మధ్యాహ్నమైతే అందరం ఉంటాం. చర్చి నుంచి వచ్చేస్తాం కదా."

నవ్యశ్రీ మర్నాడు జరిగిందంతా టీచర్‌కి చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం మళ్లీ మీటింగు పెట్టారు. ఈసారి వరండా నిండిపోయింది.

ధనమ్మ మెల్లిగా లేచింది. "మా పిల్లలకి ఆ గేటే దారండి. రోడ్డు మీద పంపాలంటే భయమేస్తోంది. ఇంతకీ ఆ గేదెలు ఎవరివండీ?"

కాంతారావు గారు గొంతు సవరించుకున్నారు.

"రెండు మావేనమ్మా," అన్నారు.

వరండా అంతా నవ్వింది. ఆయనా నవ్వేశారు. "గేటు తెరవండి. మా గేదెల్ని మేమే కట్టేసుకుంటాం."

సోమవారం నాని అక్క చెయ్యి పట్టుకుని బడికి వచ్చాడు.

ఆగస్టు పదిహేను పండగ ఏ వేళకి పెట్టుకోవాలో కనుక్కు రమ్మని టీచర్ మళ్లీ నవ్యశ్రీనే పంపారు. వంతెన దాటి మొదటి ఇంటి ముందు ఆగింది. వాకిట్లో భాగ్యమ్మ అనే ముసలావిడ బియ్యం చెరుగుతోంది.

"మామ్మా, పండక్కి మీ ఇంట్లోవాళ్లకి ఎన్నింటికైతే వీలవుతుంది?"

"నాకేం తెలుసమ్మా? మా కోడలు నీళ్లకి వెళ్లింది. వచ్చాక అడగాలి."

"అయితే ఆవిడ వచ్చేదాకా ఇక్కడే ఉంటాను మామ్మా," అని నవ్యశ్రీ అరుగు మీద కూర్చుంది.