నోటి అచ్చు

డాక్టర్ షారోన్ బల్ల మీద మూడు రకాల పళ్ళ తొడుగులు పెట్టింది. ఒకటి రబ్బరులా వంగే మెత్తది, ఒకటి గట్టిది, మూడోది వేడినీళ్ళలో ముంచి మనమే కొరికి సరిచేసుకునేది. రాత్రి పడుకునే ముందు పై పళ్ళకు తగిలించుకోవాలి. నిద్రలో ఎంత కొరికినా తొడుగే అరుగుతుంది, పళ్ళు అరగవు.

"పండ్లు కొరుకుడు ఎప్పటిసంది?" అని అడిగింది.

"మూడు నెలలసంది మేడం. ఇసుర్రాయి తిప్పినట్టు చప్పుడైతుందంటడు మా ఆయన."

"ఇంట్ల ఏమన్న కష్టం అయిందా?"

"మా అత్తమ్మ పోయింది."

అయ్యో అంటూ నా చెయ్యి నిమిరింది. నేను తల దించుకున్నాను. నవ్వు కనపడకూడదు కదా.

నాకు పళ్ళంటే ప్రాణం. గజేందర్ పెళ్ళిచూపుల్లో నా నవ్వు చూసే ఒప్పుకున్నాడు. ఆ పళ్ళ అంచులు అరిగాయని, ఇట్లాగే పోతే రెండేళ్ళలో చిగుళ్ళే మిగులుతాయని డాక్టర్ అద్దంలో చూపించింది. గట్టిదే చేయమన్నాను. నోటి అచ్చు తీసుకుని, వారంలో రమ్మంది.

అత్త సంగతి దాచడానికేముంది, చెప్తాను. కొండవ్వకు పళ్ళు లేవు, కట్టుడు పళ్ళ సెట్టు ఉండేది. చింతమడక నుంచి మా ఇంటికి తెచ్చుకున్న ఏడాదికి పక్షవాతం వచ్చి మంచాన పడింది. మాట కూడా పోయింది. తిన్నకొద్దీ పక్క పాడుచేసేది. కడిగేది ఎవరు? నేనే. అందుకని సెట్టు తీసి అటక మీద పెట్టేశాను. చిగుళ్ళు ఒరుసుకుపోతున్నాయని తనే వద్దంటోందని గజేందర్‌తో చెప్పాను. పళ్ళెంలో మాత్రం జొన్నరొట్టెలు నిండుగా పెట్టేదాన్ని. ముసలిది నోటికి చెయ్యి చూపించి ఏడ్చేది. ముక్కను నమిలి నమిలి, మింగలేక అరచేతిలోకి ఉమ్మేది. రెండు నెలలు పట్టింది.

పాడె కట్టేటప్పుడు గజేందర్ కళ్ళు తుడుచుకుంటూ, "అవ్వ బోసినోటితోని పోవద్దు. పండ్లు పెట్టి సాగనంపుదాం" అన్నాడు. ఇల్లంతా వెతికాడు. నేనూ వెతికాను. అటక మీద నుంచి దింపితే, అక్కడెందుకుందని అడగడూ?

తెల్లారి దాన్ని కాగితంలో చుట్టి చెత్తబండి దగ్గరికి తీసుకెళ్ళాను. సిద్దిపేటలో తడీ పొడీ వేరు చేయనిదే చెత్త తీసుకోరు. బండి మీది త్రివేణి పొట్లం విప్పి చూసింది.

"ఇది ఏ చెత్తల వెయ్యాలె అక్కా?"

"పొడి" అన్నాను.

తొడుగు వచ్చిన రాత్రి గజేందర్ కూరగాయల లోడుతో గజ్వేల్ వెళ్ళాడు. తలుపు గడియ పెట్టి, తొడుగు తగిలించుకుని పడుకున్నాను. నోట్లో ప్లాస్టిక్ రుచి. పైన ఫ్యాను కిర్రుమంటోంది. వీధి చివర కుక్కలు కాసేపు మొరిగి ఊరుకున్నాయి. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు.

చప్పుడుకు మెలకువ వచ్చింది.

మళ్ళీ కొరుకుతున్నానేమోనని దవడ పట్టుకుని చూశాను. కదలడం లేదు. పైగా ఇది పళ్ళ చప్పుడు కాదు. చప్... చప్... తడి నోటితో ఎవరో నములుతున్నారు. దాని వెంటే వాసన. మూత్రం ఆరిన దుప్పటి వాసన. అత్త దుప్పటిని నా చేతులతో నేనే తగలబెట్టాను.

"ఎవరు..." తొడుగు అడ్డమై మాట ముద్దగా వచ్చింది.

చప్పుడు ఆగింది. నా పక్కన మంచం కొద్దిగా కుంగింది.

లేవబోయాను. ఒళ్ళు కదల్లేదు. చల్లటి వేళ్ళు నా పెదవులు విడదీశాయి... మొరటుగా కాదు, మెల్లగా. ఒక్కో పన్నునూ తడిమాయి. తొడుగు ఊడింది. చీకట్లో ఎక్కడో అది టక్కున అమరింది. ఒకసారి నమిలిన చప్పుడు. రెండోసారి. తర్వాత గుసగుస. పక్షవాతం వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో వినపడని గొంతు.

"గిది గట్టిగున్నది బిడ్డా... మెత్తది తే."

తెల్లారేసరికి తొడుగు దాని డబ్బాలోనే ఉంది. తడిగా ఉంది. ముఖం కడుక్కుని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఆటో ఎక్కాను. దవాఖాన తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాను.

"మెత్తది చేసియ్యుండ్రి మేడం" అన్నాను డాక్టర్ రాగానే.

"పాత అచ్చు పగిలింది. మల్ల తియ్యాలె" అంది. అచ్చు తీసే రేకులో గులాబీరంగు ముద్ద నింపి నా నోట్లో పెట్టింది. బయటికి తీసి దీపం కింద చూసి, పక్కన పెట్టింది. ఇంకోసారి తీసింది. మూడోసారి కూడా.

"ఏమైంది మేడం?"

రేకు నా వైపు తిప్పింది. ముద్దలో ఒక్క పంటి గుంటా లేదు. ఈ చివర నుంచి ఆ చివరకు నున్నటి కాలువలా ఉంది.

"నోరు తెరువుండ్రి." టార్చి వేసి చూసింది. టార్చి ఇంకా దగ్గరికి తెచ్చింది. "పండ్లయితే ఉన్నయి" అని గొణిగింది.

నాలుకతో తడుముకున్నాను. అన్నీ ఉన్నాయి, వరసగా. నమ్మకం కోసం చూపుడువేలు నోట్లో పెట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి కొరికాను. నొప్పి లేదు. వేలికి చిగుళ్ళలా మెత్తగా, వెచ్చగా తగిలింది. తీసి చూస్తే ఒక్క గాటు లేదు, తడి తప్ప.

మళ్ళీ కొరికాను. నాకు చాలా ఆకలిగా ఉంది.