పాట ఆగిన రెండు నిమిషాలు

మీ దగ్గర దాచడమెందుకు? ఎస్సై సెలీనా కూడా మొదట పనిమనిషి కనకమ్మనే అనుమానించింది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి తన మీద తనకే అసహ్యం.

2011. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. మణికొండలో మూడో అంతస్తు ఫ్లాట్. బీరువా తాళం పగిలింది. శ్రావణికి వాళ్లమ్మ ఇచ్చిన కాసులపేరు మాయం.

శ్రావణి తొమ్మిదింటికే ఆఫీసుకి వెళ్లింది. భర్త ప్రశాంత్ పదింటికి బయల్దేరానన్నాడు.

"నేను పదకొండున్నరకు వచ్చి, నా దగ్గరున్న తాళంచెవితోని తలుపు తీసిన మేడం," అంది కనకమ్మ. "అప్పటికే బీరువా గిట్లనే ఉంది. నేనే సారుకు ఫోన్ చేసిన."

"వీళ్లకి మా ఆంధ్రావాళ్లంటే పడదండి. సమ్మె మొదలయ్యాక మరీను," అన్నాడు ప్రశాంత్.

"మీరెక్కడున్నారు?"

"కొత్తగూడ రాస్తారోకోలో ఇరుక్కుపోయా. పదకొండూ అయిదుకి శ్రావణికి ఫోన్ చేసి చెప్పా కూడా."

శ్రావణి తలూపింది. ఆమె ఫోన్‌లో ఆ కాల్ రెండు నిమిషాలని ఉంది.

పక్క ఫ్లాట్ అనసూయమ్మ గుమ్మంలోంచి అందుకుంది. "పదిన్నర సంది వీళ్లింట్ల ఒకటే పాటలు. చెవులు పోయినయ్ బిడ్డా. నడుమ జరసేపు ఆగితే కరెంట్ పోయిందనుకున్న."

"ఎప్పుడు?"

"టీవీల పదకొండు గంటల వార్తలు మొదలైనంక, అయిదు నిమిషాలకు."

"మీ టీవీ ఆగిందా?"

"లేదు, చూస్తనే ఉన్న... అంటే కరెంట్ పోలే!" అంది అనసూయమ్మ.

"పాటలు కనకమ్మే పెట్టుంటుంది, తాళం పగిలే చప్పుడు వినపడకుండా," అన్నాడు ప్రశాంత్.

"గా డబ్బా ఎట్ల మోగుతదో నాకేమెరుక? తుడవనీకి కూడ ముట్టనియ్యడు సారు," అంది కనకమ్మ.

సెలీనా స్టీరియో వెనక చూసింది. అగ్గిపెట్టెంత వైర్‌లెస్ ఆడియో కన్వర్టర్. ఫోన్‌లో పాటని బ్లూటూత్‌తో అందుకుని స్టీరియోకి ఇస్తుంది. ఆమె తన హెడ్‌ఫోన్లకి వాడేదీ అలాంటిదే.

ప్రశాంత్ ఫోన్ తీసుకుంది. పాట పెట్టింది. స్టీరియో మోగింది. అదే ఫోన్ నుంచి శ్రావణికి కాల్ చేసింది.

పాట టక్కున ఆగింది. కాల్ కట్ చేయగానే మళ్లీ మొదలైంది.

"పదకొండూ అయిదుకి పాట ఆగింది మీ కాల్ వల్లే. ముప్పై అడుగులు దాటితే ఇది అందుకోదు. మీరు ఫోన్ చేసింది కొత్తగూడ నుంచి కాదు, ఈ గదిలోంచి."

కాసులపేరు అతని లాప్‌టాప్ బ్యాగ్‌లో దొరికింది.

"ఎందుకు?" అడిగింది శ్రావణి.

"కొత్త స్పీకర్లకి. వీటిలో బేస్ సరిగ్గా రావట్లేదు."

కూరలో పురుగుని చూసినట్టు చూసింది శ్రావణి. "బేస్ కోసం ఈమెని జైలుకి పంపేవాడివా?"



"అందరూ అన్నీ అన్నరు," అంది కనకమ్మ. "తప్పయిందని ఎవ్వలూ అంటలేరు."

సెలీనా టోపీ తీసింది. "తప్పయింది కనకమ్మా."

మీ ఇంట్లో ఏదైనా పోయినప్పుడు ముందు ఎవరి సంచి వెతికారు? వస్తువు చివరికి ఎక్కడ దొరికింది? నిజమే రాయండి.