మేత పళ్ళెం మీద రెండు వేళ్ళు

"అక్కడే ఆగండి. కాళ్ళు."

ఆ అమ్మాయి ఉలిక్కిపడి కిందికి చూసుకుంది. కాళ్ళు ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. రెండు చేతుల్లో రెండు సంచులు, చంకలో గొడుగు, నెత్తిన చినుకులు. ఎదురుగా కోళ్ళ ఫారం గేటుకి అడ్డంగా చేతులు కట్టుకుని ఒక కుర్రాడు.

"నా కాళ్ళకేమైంది?"

"నిన్న మీరు ఏ ఫారంకి వెళ్ళొచ్చారో నాకు తెలీదు. అక్కడి రోగాలన్నీ మీ చెప్పుల కిందే ఉంటాయి. చెప్పులిప్పి, ఈ తొట్టిలో మందునీళ్ళున్నాయి, పాదాలు ముంచి, అదిగో ఆ బూట్లేసుకుని రండి."

"నేను కంపెనీ నుంచి వచ్చాను. న్యూట్రిషన్ డిపార్ట్‌మెంట్."

"కంపెనీ వాళ్ళకి కాళ్ళుండవా?"

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఏం చేస్తుంది పాపం, అతను చెప్పింది నిజమే. పాదాలు ముంచి, తన సైజుకి రెండింతలున్న రబ్బరు బూట్లు తొడుక్కుని టపటపమంటూ లోపలికి నడిచింది. వెనకనుంచి కిసుక్కున నవ్వు వినిపించింది. గిరుక్కున తిరిగి చూస్తే అతని మొహం మహా సీరియస్‌గా ఉంది.

అప్పట్నుంచి అతను ఆమె నోట్లో 'గేటు గారు' అయ్యాడు. ఆమె సంచుల్లో తెల్లటి పొడి చూసి అతను 'పొడి మేడమ్' అని పేరు పెట్టాడు.

ఆమె వచ్చింది ఒక కొత్త మేత ట్రయల్ కోసం. ఫారం గేటు గారి నాన్నది. ఆ పెద్దాయనకి కోళ్ళంటే ప్రాణం. షెడ్డులోకి అడుగు పెడితే మాత్రం అమ్మోనియా ఘాటుకి కళ్ళు ధారలు కట్టేవి. భుజం మీద తువ్వాలు ఆయనకి అలంకారం కాదు, కళ్ళు ఒత్తుకోడానికి.

"ఆ ఘాటు మేతలోంచే వస్తోందండీ," అంది ఆమె, తండ్రీకొడుకుల్ని షెడ్డు ముందు కూర్చోబెట్టి. "కోడిపిల్లలు ఎదగడానికి కావలసిన అమైనో ఆమ్లాల్లో రెండు మూడు మేతలో ఎప్పుడూ తక్కువ పడతాయి. వాటి కోసం మనం సోయా ఎడాపెడా వేసేస్తాం. మిగతావి ఎక్కువైపోయి రెట్టలో బయటికి పోతాయి. అదే అమ్మోనియా అవుతుంది. చొక్కాకి ఒక బొత్తాం ఊడితే ఇంకో చొక్కా కొంటామా? ఆ బొత్తాం కుట్టుకుంటాం. నేనూ అంతే. సోయా తగ్గించి, తక్కువ పడే లైసిన్, మెథియోనిన్, త్రియోనిన్ మాత్రం పొడిగా కలుపుతాను."

పెద్దాయన తువ్వాలు పక్కన పెట్టి మరీ వింటున్నాడు.

"షెడ్డుకి మధ్యలో వల కడదాం. ఎడమ వైపు మామూలు మేత. కుడి వైపు నా మేత. తూకం రోజు రెండు వైపులా పిల్లలు సమానంగా బరువు తూగాలి. తూగితే ఈ మేత అన్ని ఫారాలకీ వెళ్తుంది, నన్ను ఈ ఏరియా ఇన్‌చార్జిగా ఇక్కడే ఉంచుతారు. లేదంటే ట్రయల్ ఎత్తేసి నన్ను హెడ్డాఫీసు ల్యాబుకి పంపేస్తారు. అక్కడ కోళ్ళుండవు, గాజు సీసాలే. అర్థమైందాండీ?"

"మొత్తం," అన్నాడు గేటు గారు. ఆమె మాట్లాడినంతసేపూ అతను కన్నార్పలేదు. ఎంత శ్రద్ధో అనుకుంది ఆమె.

పిల్లలు దిగిన రోజు షెడ్డంతా కియ్ కియ్‌మని ఒకటే గోల. గుడ్డులోంచి బయటపడి ఒక్క రోజైనా కాని ఆ పసుపు ఉండలకి మేత ఎక్కడుందో కూడా తెలీదు. గేటు గారు గొంతుకూర్చుని మేత పళ్ళెం మీద రెండు వేళ్ళతో టక్ టక్‌మనిపించాడు. అంతే, చుట్టుపక్కలవన్నీ పరిగెత్తుకొచ్చాయి.

"తల్లికోడి ముక్కుతో పొడుస్తోందనుకుంటాయి. మొదటి రెండ్రోజులు ఇలా పిలవాలి. తర్వాత వాటంతటవే తింటాయి. చప్పుడు సంగతి మర్చిపోతాయి."

ఆమె వల దాటి అటు కూర్చుని తనూ టక్ టక్‌మనిపించింది. మొదట ఒకటొచ్చింది, తర్వాత పది, తర్వాత ఆమె బూట్ల చుట్టూ నేల కనిపించలేదు. ఆమె మొహం వెలిగిపోయింది.

అక్కణ్ణుంచి రోజులు పరుగులు పెట్టాయి. పొద్దున్నే ఆమె రావడం, మేత కలపడం, అతను కావాలని తగువు పెట్టుకోవడం.

"పొడి మేడమ్, మీ పొడి ఒక చెంచా టీలో వేస్తే నేనూ బరువు పెరుగుతానా?"

"మీకు తక్కువైంది లైసిన్ కాదండీ. వేరే ఏదో. అది మా కంపెనీ తయారు చెయ్యదు."

వాన రోజూ వస్తూనే ఉంది. ఆమె గొడుగు మాత్రం మొదటివారం తర్వాత ఇంట్లోనే ఉండిపోయింది. ఎందుకని మనం అడక్కూడదు. సాయంత్రాలు గేటు గారే తన గొడుగులో బస్టాపు దాకా దిగబెట్టేవాడు. ఒకరోజు ఆమె బెంచీ చివర కూర్చుంటే, పైకప్పు కారి భుజం తడుస్తోందని అతను తన పక్కన బెంచీ మీద టక్ టక్‌మనిపించాడు.

"వేళ్ళతో చప్పుడు చేస్తే వచ్చేయడానికి నేనేమన్నా కోడిపిల్లనా?"

"తడిసిపోతారని పిలిచాను."

"తడవనివ్వండి," అని ఆమె అక్కడే కూర్చుంది. తడిసింది కూడా. కానీ బస్సెక్కాక దారంతా ఆమె పెదవుల మీద నవ్వు చెక్కుచెదరలేదు.

తూకం రోజు వచ్చింది. ఎడమ వైపు పిల్లలు బాగానే తూగాయి. కుడి వైపువి తూచేసరికి అందరూ నోరెళ్ళబెట్టారు. ఒక్కోటీ వంద గ్రాములకి పైనే ఎక్కువ.

ఫోన్లో మేనేజరు గాల్లో తేలిపోతున్నాడు. "సమానం తెమ్మంటే ఎక్కువే తెచ్చావమ్మా. అదరగొట్టావ్. ఇప్పుడే మీటింగులో స్వీట్లు పంచుతున్నా."

గేటు గారైతే తనే గెలిచినట్టు షెడ్డు చుట్టూ తిరుగుతున్నాడు. ఆమెకి మాత్రం మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. ఊడిన బొత్తాం కుడితే చొక్కా చొక్కాలా ఉంటుంది, కోటు అయిపోదు కదా.

సాయంత్రం ఒంటరిగా షెడ్డులోకి వెళ్ళింది. రేకుల మీద వాన దబదబా కొడుతోంది. మేత చూసింది, నీళ్ళు చూసింది, వెచ్చదనం కోసం వేలాడదీసిన బల్బులు చూసింది. రెండు వైపులా అన్నీ ఒకటే. ఏమీ తోచక కుడి వైపు గొంతుకూర్చుని, ఆలోచిస్తూ పళ్ళెం అంచు మీద వేళ్ళు ఆడించింది.

టక్ టక్.

షెడ్డు చివర్లో నిద్రపోతున్నవి కూడా లేచి, రెక్కలు విదిలించుకుని, ఒకదాని మీద ఒకటి పడుతూ ఆమె దగ్గరికి పరిగెత్తుకొచ్చాయి.

ఆమె గబగబా వల దాటి ఎడమ వైపు వెళ్ళింది. టక్ టక్. ఒక్కటి కూడా తలెత్తలేదు.

తలుపు దగ్గర రెయిన్‌కోటు విదిలిస్తూ నిలబడ్డ గేటు గారు నాలుక కరుచుకున్నాడు.

"రెండ్రోజుల తర్వాత పిలవనక్కర్లేదన్నారు. ఎడమ వైపువి ఎప్పుడో మర్చిపోయాయి. ఇవి ఎందుకు మర్చిపోలేదు?"

"అంటే... అటుగా వెళ్ళినప్పుడల్లా కొంచెం..."

"ఎన్నిసార్లు వెళ్తారేంటి?"

"వెళ్ళడమేంటండీ. అక్కడే ఉన్నాను."

"ఎందుకు?"

"మీరు గెలవాలని. మీ పిల్లలు ఎక్కువ తిని ఎక్కువ బరువు రావాలని."

"ఎక్కువ కాదు. సమానం. మొదటిరోజే చెప్పాను కదా. మొత్తం అర్థమైందన్నారు."

అతను తల వంచుకున్నాడు. "మీరు చెప్తున్నప్పుడు నేను వినలేదు. చూస్తున్నాను."

ఆమెకి కోపంతో ఒళ్ళు మండింది. సరిగ్గా ఆ మంట మధ్యలోనే గుండె ఝల్లుమంది. రెండింట్లో ఏది ముందో తేలక కోపాన్నే ముందుకు తోసింది.

"నన్ను నట్టేట ముంచారు గేటు గారూ. ఈ తూకం చెల్లదు. ల్యాబుకి పంపేస్తారు నన్ను."

"మీ మేనేజరుకి నేను చెప్తాను, తప్పు నాదని."

"అక్కర్లేదు. ట్రయల్ నాది. నేనే చెప్పుకుంటాను."

చెప్పింది. "స్వీట్లు పంచేశాక చెప్తావా అమ్మా," అన్నాడు మేనేజరు ఫోన్లో. "సర్లే. ఇంకొక్క బ్యాచ్. ఆఖరి ఛాన్స్. ఆ కుర్రాడి నీడ కూడా షెడ్డులో పడకూడదు."

కొత్త పిల్లలు దిగిన రోజు గేటుకి అడ్డంగా చేతులు కట్టుకుని ఆమె నిలబడింది.

"అక్కడే ఆగండి. కాళ్ళు."

"తొట్టిలో ముంచాను కదండీ."

"ముంచినా సరే. ఆ కాళ్ళు లోపలికి రావు."

షెడ్డు పని పెద్దాయన చేతుల్లోకి వెళ్ళింది. మొదటి రెండ్రోజులు రెండు వైపులా ఆయనే పిలిచాడు, తర్వాత మానేశాడు. కొడుకు మాత్రం కాలుగాలిన పిల్లిలా గేటు బయట తిరుగుతూ, టీ ఫ్లాస్కు అందించే వంకతో రోజుకి నాలుగుసార్లు కమ్మీలు పట్టుకునేవాడు.

"తింటున్నాయా?"

"తింటున్నాయి."

"కుడి వైపువి?"

"రెండు వైపులా తింటున్నాయి."

"మీరు తిన్నారా?"

ఆ ప్రశ్నకి ఆమె కోపంగానే జవాబు చెప్పాలనుకునేది. రోజురోజుకీ చేత కాకుండా పోయింది.

ఒకరోజు పెద్దాయన తువ్వాలు మడతపెట్టుకుంటూ బయటికొచ్చాడు. "ఎడమ వైపు వంగితే కళ్ళు మండుతున్నాయమ్మా. కుడి వైపు కింద కూర్చున్నా ఏం లేదు. నేల మీద పరిచిన పొట్టు ఇంకా పొడిగానే ఉంది."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ ఇంకా తూకం మిగిలే ఉంది.

ఆ రోజు మేనేజరు స్వయంగా వచ్చాడు. గేటు గారు బయట కమ్మీలు పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. అతని అమ్మ వరండాలో కుర్చీ అంచున కూర్చుంది. ఎడమ వైపు తూచారు. కుడి వైపు తూచారు. నమ్మకం చాలక మేనేజరు మళ్ళీ తూయించాడు.

రబ్బరు బూట్లతో టపటపమంటూ ఆమె పరిగెత్తుకొచ్చింది. తొట్టిలో కాలు పడి మందునీళ్ళు మోకాళ్ళ దాకా చిమ్మినా ఆగలేదు.

"సమానం గేటు గారూ. గుప్పెడు గింజలంత తేడా కూడా లేదు. సమానం."

"అంటే మీరు ఇక్కడే ఉంటారు."

"అబ్బో, ఈసారి విన్నారన్నమాట."

"విన్నాను. చూశాను కూడా."

మేనేజరుతో కలిసి వెనకే వచ్చిన పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "మేనేజరు గారూ, మా ఇంటికి కూడా ఒక బొత్తాం తక్కువగా ఉందండీ. ఈ అమ్మాయికి ఇష్టమైతే..."

"మీరుండండి," అంది వరండాలోంచి అమ్మ. "వాడి నోరు పడిపోయిందా? వాణ్ణి అడగనివ్వండి."

అందరూ అతని వైపు తిరిగారు. రోజంతా వాగుతూ తిరిగే మనిషికి సరిగ్గా అప్పుడే మాట కరువైంది. ఏం చెయ్యాలో తోచక గేటు కమ్మీ మీద రెండు వేళ్ళతో మెల్లగా టక్ టక్‌మనిపించాడు.

"నేను కోడిపిల్లని కాదని అప్పుడే చెప్పాను," అంది ఆమె.

అంటూనే గడియ తీసింది. తడి బూట్లతో వచ్చి అతని పక్కన నిలబడింది. షెడ్డులో ఎడమ వైపూ కుడి వైపూ ఒక్క పిల్ల కూడా తలెత్తలేదు. ఆ చప్పుడుకి వచ్చింది ఆమె ఒక్కతే.