ఎర్ర లైటు కోళ్ళు

నలభై ఒకటో ఈకకీ ఎర్ర లైటే వెలిగింది.

"ఛీ, దీని దుంప తెగ!" అంటూ డాక్టర్ సువర్చల మీటర్‌ని బండమీద పెట్టి తల పట్టుకుంది. పాపం, ఆ మీటర్ని కనిపెట్టింది ఆవిడే. ఎంత తిట్టినా తిరిగి తనకే తగులుతుంది.

పక్షి ఈక మొదలుని ఆ డబ్బాలో పెడితే చాలు, అరనిమిషంలో డిఎన్ఏ చదివేసి, అడవి జాతి పాలెంత, పెంపుడు జాతి పాలెంత అని తేల్చేస్తుంది. నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు అడవిదైతే పచ్చ లైటు, ఒక్క పాలు తగ్గినా ఎర్ర లైటు. మూడో లైటు లేదు. ఆ తొంభై ఎనిమిది సువర్చల రాసిన పేపర్లోదే. ప్రభుత్వం దాన్ని తీసుకెళ్ళి చట్టంలో పెట్టేసింది. పచ్చ లైటు జీవాలున్న కొండకి రక్షణ, లేని కొండకి క్వారీ. ముసురుకొండ మీద క్వారీకి దరఖాస్తు పడింది. నెలలోగా ఇరవై పచ్చ లైట్లు చూపించకపోతే కొండ దక్కదు.

ఈకలు ఏరి తెచ్చే బుల్లెమ్మ కొండకింద గూడెంలో పెద్దావిడ. సువర్చల ఆవిడ మీదే విసుక్కుంది.

"ఇన్ని అడవికోళ్ళలో ఒక్కటీ అడవిది కాదంటుందేంటి అవ్వా?"

"ఎట్టా అవుద్దమ్మా?" బుల్లెమ్మ నవ్వింది. "మా పెట్టల్ని కొండంచున కట్టేది అందుకేగా! అడవి పుంజు దిగొచ్చి కలిస్తే పిల్లలు గట్టిగా పుడతాయి. వాటిల్లో మొదటి పిల్లని కొండకి వదిలేస్తాం. కొండ పుంజునిచ్చాక దాని వాటా దానికియ్యకుండా తింటే అరుగుద్దా?"

"ఎప్పట్నించి?"

"మా తాతల తాతల్నాటి నుంచీ."

సువర్చల నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఆర్నెల్లుగా ఈకల్ని అడిగింది గానీ, ఈ మనిషిని ఒక్క మాట అడగలేదు!

పరుగున పోయి పర్మిషన్ల ఆఫీసర్ కామేశం ముందు కూర్చుంది. "సార్, ప్రకృతిలో తోడేలు కుక్కతో కలుస్తుంది, సముద్రపొడ్డున ఒక జాతి మడచెట్టు ఇంకో జాతి మడచెట్టుతో కలుస్తుంది. ఈ కోళ్ళు గద్ద నీడ పడితే పొదల్లో దూరతాయి, చెట్లమీదే పడుకుంటాయి. ఇవి అడవివే!"

"మరి తొంభై ఎనిమిదన్నదెవరు మేడమ్?"

"నేనే. తప్పు రాశాను."

"ఇప్పుడది చట్టమండీ," అన్నాడాయన, తన చేతిలో ఏముందన్నట్టు.

వారం తిరక్కుండా గూడేనికి నోటీసొచ్చింది. కొండమీది కోళ్ళు పెంపుడువని రుజువైంది గనక, గూడెంవాళ్ళు పదిహేను రోజుల్లో వాటిని పట్టుకుపోవాలి. సువర్చల చదివి వినిపిస్తుంటే బుల్లెమ్మ నోరెళ్ళబెట్టింది. "అన్నీ మావేనంటా!"

గడువు రోజున కామేశం వచ్చాడు. బుల్లెమ్మ చేటలో జొన్నలు పోసుకుని కొండంచున నిలబడి "బొ బొ బొ" అని పిలిచింది. గూడెంలో కోళ్ళన్నీ పరుగెత్తుకొచ్చాయి. కొండమీంచి ఒక్కటీ దిగలేదు. కొమ్మమీదున్న పుంజొకటి గొంతు విని, రివ్వున లోయలోకి ఎగిరిపోయింది.

"చూశారా బాబూ? పెంపుడుదైతే పిలిస్తే రావాలి. మేమిట్టాగే పోల్చుకుంటాం."

కామేశం కాసేపు ఆ కొమ్మకేసి చూశాడు. సువర్చలకి ప్రాణం లేచొచ్చింది. ఆయన వంగి, పుంజు వదిలిన ఈకని తీసి, మీటర్లో పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది.

"ఇంత మంచి మెషిన్ చేసి, మళ్ళీ జొన్నగింజల మాట వినమంటారేంటండీ?" అని క్వారీ కాగితం మీద సంతకం పెట్టేశాడు. సువర్చలకి కోపంతో ఏడుపొచ్చింది. ఎవరిమీద కోపమో చెప్పుకోడానికీ లేకపోయింది.

సోమవారం పొద్దున మొదటి పేలుడు. కొండ గడగడలాడింది. రెండోదానికి పొదలన్నీ కదిలాయి. కోళ్ళు గుంపులు గుంపులుగా కిందికి దిగి, ఇళ్ళ చూరుల కిందా, బుల్లెమ్మ మంచం కిందా, సువర్చల కాళ్ళ సందునా దూరి వణుకుతూ నక్కాయి. ఏ ఒక్కదాన్నీ ఎవరూ పిలవలేదు.

కామేశం జీపులోంచి తల బయటపెట్టి చూశాడు.

"నేను చెప్పలేదూ మేడమ్? పెంపుడువే. చక్కగా ఇంటికొచ్చేశాయి."